చలికాలంలో మల్లెను నిద్రపోనివ్వండి

మా అపార్టుమెంటు మెట్ల కింద, చెత్తబుట్ట పక్కన, నిన్న ఒక మల్లె కుండీ కనబడింది. ఆకులు పసుపెక్కి సగం రాలిపోయాయి. చచ్చిపోయిందనుకుని తెచ్చి పడేశారు. గోటితో కొమ్మను కాస్త గీరి చూశాను. పలుచని బెరడు కింద లేత ఆకుపచ్చ, తడిగా మెరుస్తోంది. ప్రాణమున్న మొక్క! కోపం ఆపుకోలేక కుండీని ఎత్తుకుని మేడ మీదికి తెచ్చేశాను. విజయనగరంలో ప్రతి డిసెంబరులోనూ ఇలాంటివి చూస్తూనే ఉన్నాను.

పడేసింది మూడో అంతస్తు ఆవిడ. అడిగితే, "పూయడం మానేసిందండీ, నర్సరీలో ఇచ్చిన మందు వేశాను, రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను, అయినా ఆకులు రాలిపోతున్నాయి" అన్నారు. పాపం, ఆవిడ శ్రద్ధలో లోపమేమీ లేదు. చలికాలంలో మల్లె పూయదని ఆ మందు అమ్మినవాళ్లు ఒక్క మాట చెప్పి ఉండవలసింది.

మల్లెకు ఇది విశ్రాంతి కాలం. ఎదుగుదల మందగిస్తుంది, వేర్లు నీళ్లు తక్కువగా తాగుతాయి, ముదురాకులు పండి రాలతాయి. అప్పుడు వేసవిలో పోసినట్టు నీళ్లు పోస్తే మట్టి ఆరదు, వేర్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. నేను తెచ్చిన కుండీ కింద పళ్లెం నిండా నీళ్లున్నాయి. పళ్లెం తీసేసరికి బురద కంపు కొట్టింది. అడుగున రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంటే, పుల్లతో పొడిచి తెరిచాను. వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. వారానికి ఒకటి రెండుసార్లకు మించి అవసరం రాదు.

ఈ విషయం నాకు మా మామ్మ నేర్పింది. వాళ్లది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రమే ఆవిడ మల్లె కుండీలన్నిటినీ గోడ వారకు చేర్చి, పక్కకు పడుకోబెట్టేసింది. గాలికి పగలకుండా, వానకు నిండకుండా. తెల్లారేసరికి పెరట్లో కొబ్బరిచెట్లు కూలిపోయి ఉన్నాయి. పెంచినన్నేళ్లు గుర్తొచ్చి మామ్మ ఏడ్చింది. మల్లెలు మాత్రం బతికాయి. ఆ తర్వాత చాలా రోజుల వరకు వాటికి చుక్క నీరు పోయనివ్వలేదు.

ఇంకో వింత సలహా ఈ మధ్య అందరి ఫోన్లలో తిరుగుతోంది: చలికి మల్లెను ఇంట్లోకి మార్చమని. మంచు గడ్డకట్టే దేశాలవాళ్లకు అది సరైన మాటే. మన మైదానంలో డిసెంబరు రాత్రి కూడా 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మల్లెకు కావలసింది ఎండ, రోజుకు కనీసం ఐదారు గంటలు. ఉన్నచోటే ఉంచండి.

ఎరువు ఇప్పుడు వద్దు. ఆకుల అడుగున సన్నని బూజులాంటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. నీళ్లు గట్టిగా చిమ్మి కడిగి, వేపనూనె కొట్టండి. కొత్త చిగురాకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, ముదురాకులు పండటం కాదు.

సంక్రాంతి వెళ్లాక, రథసప్తమికి అటూ ఇటూగా కత్తెర పట్టండి. మిగిలిన ఆకులు దూసి, కొమ్మలను సగానికి కత్తిరించండి. చాలామందికి ఇక్కడే చెయ్యి రాదు. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీదే, పాత కొమ్మలను దాచుకుంటే పూలు తగ్గుతాయి. కత్తిరించాక పైమట్టి గుల్ల చేసి, మాగిన పశువుల గెత్తం రెండు గుప్పిళ్లు వేసి, అప్పుడు కడుపునిండా నీళ్లు పోయండి.

ధనుర్మాసంలో జడలోకి పూలు లేవని బెంగపడకండి. ఈ రోజుల కోసం కాగడాలున్నాయి, డిసెంబరాలున్నాయి, చేమంతులున్నాయి.

ఈ ఉదయం మళ్లీ వేలు దించి చూశాను, మట్టి ఇంకా తడిగానే ఉంది. నీళ్లు పోయలేదు. చిగురు వేశాక ఈ కుండీని మూడో అంతస్తుకే తిరిగి ఇస్తాను, మొగ్గలు ఆవిడ చేత్తోనే కోసుకోవాలి.