కప్పకు పక్కా ఇల్లు, నల్ల కవరులో

అండమాన్ అడవుల్లో ఇళ్ల కొరత ఉందని అక్కడి కప్పలు ఇంతవరకూ ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. నోరు లేక కాదు. చార్లెస్ డార్విన్ పేరు మోస్తున్న ఈ చిన్న కప్పకు ఆడదాన్ని పిలిచే అరుపు వేరు, పోటీదారు మీదికి లేచే అరుపు వేరు. ఆఫీసువాళ్లకు వినిపించే అరుపే ఇంకా రాలేదు.

1998లో ఇంద్రనీల్ దాస్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినప్పుడు శాస్త్రీయ నామంలో దీని ఇంటిపేరు, అంటే ప్రజాతి పేరు, రానా. తర్వాత ఇంగెరానా అన్నారు. ఇప్పుడు మినర్వార్య అంటున్నారు. ఇంటిపేరు ఎన్నిసార్లు మార్చినా ఇల్లు మాత్రం ఒకటే: చెట్టు తొర్ర, అందులో నిలిచిన వాననీళ్లు.

మన పల్లెల్లో వాన కోసం కప్పను రోకలికి కట్టి ఊరేగిస్తాం. అక్కడ వరస తిరగబడింది. ముందు వాన పడాలి, తొర్ర నిండాలి, ఆ తర్వాతే పెళ్లి. ఆ పెళ్లి కూడా సజావుగా సాగదు. జంట కుదిరాక మిగిలిన మగకప్పలు అక్షింతలు వేసి వెళ్లిపోవు. తంతాయి, గుద్దుతాయి, కొరుకుతాయి, జంట మధ్యలో తల దూరుస్తాయి. అందుకే కాబోలు, జంట నీళ్లు వదిలి తొర్ర గోడెక్కి, తలకిందులుగా వేలాడుతూ గుడ్లను గోడకే అంటిస్తుంది. గుడ్లు పగిలి పిల్లలు బయటపడగానే కింది నీళ్లలోకి జారతాయి. గోడ నిటారుగా, నీళ్లకు పైన తడిగా ఉండాలి. అడుగున నీళ్లు తోకకప్పలకు కాళ్లొచ్చేదాకా ఆగాలి. ప్లానులో ఈ రెండింటిలో ఏది తప్పినా సంసారం గోవిందా.

ఇలాంటి తొర్ర చెట్టుకు యవ్వనంలో రాదు. కొమ్మ విరిగి, చేవ పుచ్చి, ఏళ్ల తరబడి నానాలి. మనమేమో పుచ్చిన చెట్టును పనికిరాని చెట్టుగా లెక్కగట్టి ముందు దాన్నే కొట్టిస్తాం. కప్ప ఇక అద్దెకు దిగింది. అడవి అంచున జనం పారేసిన ప్లాస్టిక్, గాజు, రేకు డబ్బాల్లోనూ, నర్సరీలో మొక్కలు పెంచే కవర్లలోనూ ఇది గుడ్లు పెడుతోందని 2024లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మూడేళ్లలో యాభై అయిదు వానాకాలపు రాత్రులు తొర్రల దగ్గర కాపలా కాసి మరీ తేల్చిన సంగతి ఇది.

ఈ లెక్కన మన చెత్తను ఇకపై చెత్త అనడం అన్యాయం. పాత పెయింటు డబ్బా అంటే సింగిల్ బెడ్‌రూమ్. పగిలిన సీసా సీ వ్యూ. అన్నిటికన్నా గౌరవప్రదమైనది నర్సరీ నల్ల కవరు, ఎందుకంటే దాని వెనక పర్యావరణ పరిరక్షణ ఉంది. కొట్టేసిన చెట్టుకు బదులు మొక్క, పోయిన తొర్రకు బదులు ఆ మొక్క కవరు: ఒకే ఖర్చుతో రెండు నష్టపరిహారాలు! చిన్న సాంకేతిక లోపం లేకపోలేదు. ఆ కవరుకు అడుగున చిల్లులు పెట్టేదే నీళ్లు నిలవకుండా. అవి మట్టితో పూడుకుపోతేనే కప్పకు గృహప్రవేశం.

ఇక ఈ అద్దె ఇంటి గడువు. వానలు అండమాన్‌ను మే నెలలోనే తాకుతాయి. జులై మొదటి వారంలో దేశమంతా వనమహోత్సవం. గుంత తవ్వాలి, మొక్కను కవరుతో సహా తెచ్చి పక్కన పెట్టాలి, వేర్లు కదలకుండా కవరును నిలువునా బ్లేడుతో కోసి, ఒలిచి అవతల పారెయ్యాలి. తర్వాత ఫొటో.