జెండా కంటే ముందు జమాఖర్చుల పుస్తకం మారింది

ఏటా జులై 4 వస్తే మన పత్రికల్లోనూ, డల్లాస్, న్యూజెర్సీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే బొమ్మ తిరుగుతుంది. ఫిలడెల్ఫియాలో ఒక గది, బల్ల చుట్టూ పెద్దమనుషులు, చేతిలో ఈక కలం. అమెరికా స్వపరిపాలన ఆ గదిలోనే పుట్టిందని మనకు అలవాటైన కథ. కానీ ఆ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పడేనాటికి, అప్పటి బ్రిటిష్ వలసల్లో ఒకటైన మసాచుసెట్స్‌లో, సైన్యం కాపలా ఉన్న బోస్టన్‌ను వదిలేస్తే, రాజు పాలన కుప్పకూలి దాదాపు రెండేళ్లు. నన్నడిగితే క్యాలెండర్‌లో ఎర్ర సిరా పడాల్సిన తేదీ 1774 అక్టోబరు 28. ఎందుకో చెబుతాను.

బోస్టన్ రేవులో నీళ్లపాలు చేసిన టీ పెట్టెల సంగతి అందరికీ తెలిసిందే: 1773 డిసెంబరు 16, 342 పెట్టెలు, లండన్‌లో పార్లమెంటు కోపం. ఆ కోపంలో పుట్టిన మసాచుసెట్స్ ప్రభుత్వ చట్టాన్ని మాత్రం కాస్త ఆగి చదవాలి. అంతవరకూ ఎన్నికతో ఏర్పడుతున్న ఎగువ సభను ఇకపై రాజే నియమిస్తాడు. కింది కోర్టుల జడ్జీలను, కోర్టు ఉత్తర్వులు అమలు చేసే షెరీఫులను గవర్నర్ పెడతాడు, తీసేస్తాడు. జూరీ సభ్యులను ఊళ్లు ఎన్నుకోవడం బంద్. ఊరి సభ ఏడాదికి ఒక్కటే. ఇంకోటి పెట్టాలంటే గవర్నర్ లిఖితపూర్వక అనుమతి కావాలి. చట్టం రాసినవాళ్లకు ఒక సందేహం తట్టలేదు. పాత సభను ముగించకుండా వాయిదా వేసుకుంటే అది కొత్త సభ అవుతుందా? బోస్టన్ వాళ్లు వాయిదా మీద వాయిదా వేస్తూ కూర్చున్నారు. ఈ లెక్కన పదేళ్లయినా సభ నడుపుతారని గవర్నర్ గేజ్ విసుక్కున్నాడు. కౌంటీ సమావేశాల ఊసు చట్టంలో లేనే లేదు, కాబట్టి అవీ పెట్టుకున్నారు.

తర్వాతి దెబ్బ కోర్టుల మీద పడింది. అప్పటి రైతుకు ప్రభుత్వమంటే కోర్టే. అప్పు దావా అక్కడే, జప్తు ఉత్తర్వు అక్కడే. 1774 సెప్టెంబరు 6న వూస్టర్‌లో 37 ఊళ్ల నుంచి 4,622 మంది మిలీషియా (ఊళ్ల పౌరసేన) వాళ్లు వీధికి రెండు వైపులా బారులు తీరారు. జడ్జీలు, షెరీఫు, వకీళ్లు టోపీలు తీసి చేత పట్టుకుని ఆ బారుల మధ్య నడుస్తూ, కొత్త చట్టం కింద పనిచేయబోమని ముప్పైసార్లకు పైగా చదివి వినిపించారు. ఒక్క తుపాకీ పేలలేదు. అక్టోబరు 4న అదే ఊరి సభ తన ప్రతినిధికి పాత రాజ్యాంగం రద్దయినట్టే భావించి కొత్త ప్రభుత్వం కోసం పనిచేయమని ఆదేశం రాసిచ్చింది. ఫిలడెల్ఫియా ప్రకటనకు అది సరిగ్గా 21 నెలల ముందు.

ఇక అసలు ఘట్టం. మసాచుసెట్స్‌లో పన్ను వసూలు ఎలా జరిగేదంటే, శాసనసభ మొత్తం ఇంత అని తేల్చి ఆస్తుల విలువను బట్టి ఊళ్లకు పంచేది. ఊరివాళ్లు ఎన్నుకున్న మదింపుదారులు ఆ వాటాను తలసరిగా కొంత, ఆస్తిని బట్టి కొంత ఇంటింటికీ విడగొట్టేవారు. ఊరే ఎన్నుకున్న కానిస్టేబుల్ వసూలు చేసి కోశాధికారికి జమకట్టేవాడు. అంటే ఆ గొలుసులో చివరి కొక్కెం ఒక్కటే రాజు పక్షాన ఉంది. గేజ్ రద్దు చేసిన శాసనసభ సభ్యులే సేలంలో ప్రాంతీయ కాంగ్రెస్‌గా కూర్చున్నారు. అక్టోబరు 28న స్టో అనే చిన్న ఊరికి చెందిన హెన్రీ గార్డ్‌నర్‌ను వసూలు అధికారిగా పెట్టారు. ఇకపై జమ పాత కోశాధికారి హారిసన్ గ్రే ఖజానాకు కాదు, గార్డ్‌నర్‌కు. మదింపు పుస్తకం అదే, కానిస్టేబుల్ అతనే, రశీదు మీద పేరు మారింది.

గ్రేకు కట్టకపోతే కానిస్టేబుల్ మీద చర్య రాదా? వస్తే నష్టం ఊరే భరిస్తుందని చాలా ఊళ్లు తీర్మానించాయి. పైగా బోస్టన్ దాటితే చర్య తీసుకోవాల్సిన షెరీఫు, విచారించాల్సిన కోర్టు అప్పటికే మూలనపడ్డాయి. కోర్టులు ముందు, ఖజానా తర్వాత: ఈ వరస తిరగబడి ఉంటే ఉద్యమం జప్తుల్లో ముగిసేదని నా అంచనా. అలాగని డబ్బు వరదలా రాలేదు. కొన్ని ఊళ్లు ఇటూ కట్టక, అటూ కట్టక చోద్యం చూశాయి. 1775 మేలో కాంగ్రెస్ ఆరు శాతం వడ్డీకి లక్ష పౌండ్ల అప్పుకు వెళ్లాల్సి వచ్చింది. ఆ అప్పు పుట్టడమే విశేషం. రేపు పన్ను వీళ్లకే వస్తుందన్న నమ్మకం లేనిదే ఎవరు అప్పిస్తారు?

ఇదంతా గుంపు దౌర్జన్యమని అనేవాళ్లున్నారు. అందులో నిజముంది. 1774లో బ్రిటిష్ సరుకుల బహిష్కరణ కోసం కుదిరిన ఒప్పందం కింద ఏర్పడిన కమిటీలు వ్యాపారుల పేర్లు పత్రికల్లో వేసి వెలివేశాయి. భయపడి సంతకం పెట్టినవారూ తక్కువేమీ కాదు. ఓటు కూడా ఆస్తి ఉన్న మగవాళ్లదే, బానిసలు లెక్కలోనే లేరు. అయినా ఆ కమిటీలు ఓటర్లు ఎన్నుకున్నవి, రాసుకున్న నిబంధనలతో నడిచినవి. 1774 డిసెంబరు 1 తర్వాత, రెండు నెలల్లోపు వచ్చిన సరుకుకు యజమాని ముందు మూడు దారులుంచారు: వెనక్కి పంపడం, కమిటీ గోదాములో పెట్టడం, లేదా కమిటీ చేత అమ్మించడం. అమ్మితే అసలు ఖర్చు యజమానికి, లాభం బోస్టన్ పేదలకు. ఉత్త గుంపు ఇంత లెక్క రాయదు.

పన్ను చేతిలో లేని ప్రభుత్వం ఏమవుతుందో కూడా అమెరికావాళ్లే చూపించారు. 1781లో అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒడంబడిక కింద కేంద్రానికి పన్ను వేసే హక్కు లేదు. దిగుమతులపై 5 శాతం సుంకం అడిగితే రోడ్ ఐలాండ్ ఒక్కటే అడ్డం తిరిగింది, కథ కంచికి. రాష్ట్రాలేమో అప్పులు తీర్చడానికి నాణేల్లోనే పన్ను కట్టమని రైతుల మెడ మీద కూర్చున్నాయి. 1786లో అదే వూస్టర్‌లో రైతులు మళ్లీ కోర్టు మూయించారు. ఈసారి వాళ్లను అణచే చట్టానికి వత్తాసు పలికింది ఎవరనుకున్నారు? ఒకప్పటి విప్లవ సారథి శామ్యూల్ ఆడమ్స్.

ఇక్కడి నుంచి మన గడపకు దారి దగ్గరే. ఆ టీ ఈస్టిండియా కంపెనీది. ఉత్తర సర్కార్లను చేజిక్కించుకున్నదీ ఆ కంపెనీయే. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిన కారన్‌వాలిస్ 1786లో ఇక్కడికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు నిర్ణయం చేశాడు. 1802 నుంచి అది ఉత్తర సర్కార్లకూ పాకింది. అక్కడ ఊరు ఎన్నుకున్నవాడు పన్ను మదింపు చేస్తే, ఇక్కడ జమీందారు కంపెనీకి పేష్కష్ (నిర్ణయించిన శిస్తు) కడతాడు, రైతు దగ్గర ఎలా రాబట్టుకుంటాడో అతనిష్టం.

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ వచ్చాక ఆ అన్యాయం తీరిందనుకుంటే పొరపాటు. పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి సరే. పన్నుల గురించి చెప్పే 243హెచ్ అధికరణం చదవండి: రాష్ట్ర శాసనసభ పంచాయతీకి అధికారం ‘ఇవ్వవచ్చు’ అంటుంది, ఇవ్వాలి అనదు. ఆ ఒక్క క్రియాపదం మీదే రాష్ట్రాలు ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నాయి. ట్రెజరీ ఫ్రీజింగ్ (ఖాతాలో డబ్బున్నా చెల్లింపులు ఆపేయడం) దెబ్బ తినని సర్పంచ్ తెలంగాణలో ఉంటే చూపించండి. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్లించారని ఆంధ్రప్రదేశ్ సర్పంచులు రోడ్డెక్కిన సంగతి పార్టీలు మరిచిపోయినా ఊళ్లు మరవలేదు. నిధులిచ్చే గ్రాంట్ల గురించి తర్వాత తగువు పడదాం. ముందు ఇంటి పన్ను, కుళాయి రుసుము వరకైనా ట్రెజరీ నుంచి తప్పించి ఊరి బ్యాంకు ఖాతాలో ఉంచండి. తెలంగాణలో సర్పంచ్, ఉపసర్పంచ్ ఉమ్మడి చెక్ పవర్ 2018 చట్టంలోనే పెట్టారు. ఆడిట్ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది.