పండుగ ఏ రోజో పిల్లలనే తేల్చనివ్వండి

అమెరికాలోని మన తెలుగు సంఘాల వాట్సాప్ బృందాల్లో ఏటా తప్పని వాదన ఒకటుంది. ఉగాది ఇవాళా, రేపా? హైదరాబాదులోని అమ్మమ్మ ఒక తేదీ చెబుతుంది. ఇక్కడి గుడి పూజారిగారు మరో తేదీ చెబుతారు. హాలు ఆ శనివారమే దొరికింది కాబట్టి కార్యవర్గం మూడో తేదీ ప్రకటిస్తుంది. పెద్దలు ఎంత ఆవేశపడినా నాకు అభ్యంతరం లేదు. పక్క గదిలో ట్యాబ్ పట్టుకుని కృష్ణబిలాల వీడియోలు చూస్తున్న పదకొండేళ్ల పిల్లను ఈ వాదనలోకి ఎవరూ పిలవరే అన్నదే నా బాధ. సమాధానం తేల్చే సాధనాలు ఆ ట్యాబ్‌లోనే ఉన్నాయి, పైసా ఖర్చు లేకుండా.

మన ఇళ్లలో ఖగోళశాస్త్రం ఆన్‌లైన్‌లో నేర్చుకోవడం అంటే ఏమిటో ఒకసారి చూడండి. కొన్ని వీడియోలు, ఒక క్విజ్, చివర ఒక సర్టిఫికెట్. వందల డాలర్లు పోసి కొనే కోర్సుల్లో కూడా చాలావరకు ఇంతే. నాసావారి పెర్సెవరెన్స్ రోవర్ తనతోపాటు కోటీ తొమ్మిది లక్షల మంది పేర్లను అంగారకుడి మీదికి తీసుకెళ్లింది. పేరు పంపినవాళ్లకు ఇచ్చిన 'బోర్డింగ్ పాస్'ను ముద్రించి గోడకు అంటించుకోవడం సరదాగానే ఉంటుంది, కాదనను. శిరీష బండ్ల రోదసి అంచు దాకా వెళ్లి వచ్చిన 2021లోనే రాజాచారి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. మనవాళ్లం వాళ్ల పూర్వీకుల ఊళ్లు వెతికి మురిసిపోయాం. చంద్రయాన్-3 దిగిన రోజు, 2023 ఆగస్టు 23న, అమెరికాలో పొద్దున్నే లేచి చప్పట్లు కొట్టాం. మరి ఆ మర్నాడు పిల్లలు చేయడానికి ఏం మిగిలింది? చంద్రయాన్-2 పంపిన సమాచారాన్ని ఇస్రో తన 'ప్రదాన్' పోర్టల్‌లో ఎవరైనా తీసుకునేలా పెట్టిందన్న సంగతి మన సభల్లో ఎవరైనా చెప్పగా నేను వినలేదు.

ఉగాది దగ్గరికి వద్దాం. చంద్రుడు సూర్యుడికంటే 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. మొత్తం 360 డిగ్రీలకు 30 తిథులు. భాగహారం వచ్చిన పిల్లలకు ఈపాటి లెక్క చాలు. సూర్యచంద్రుల స్థానాలు కావాలంటే నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీవారి 'హొరైజన్స్' ఉంది. చూడటానికి పాతకాలపు బ్యాంకు ఫారంలా విసుగు పుట్టిస్తుంది గానీ, ఏ తేదీన ఏ నిమిషానికి చంద్రుడు ఎక్కడున్నాడో అడిగితే చెబుతుంది. జ్యోతిష సాఫ్ట్‌వేర్లలో విరివిగా వాడే స్విస్ ఎఫెమెరిస్ అనే గ్రహస్థానాల లెక్కకు కూడా ఆధారం ఈ సంస్థ లెక్కలే. అంటే పూజారిగారూ పాసడీనాలోని ఆ ల్యాబ్ శాస్త్రవేత్తలూ ఒకే చంద్రుడిని లెక్కపెడుతున్నారు. అయనాంశ గురించి, అంటే రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో లెక్కించేటప్పుడు చేసే సవరణ గురించి, పండితులు తగవు పడతారు కదా, తిథి దగ్గర ఆ తగవుకు చోటే లేదు. సూర్యుడి స్థానంలోనూ చంద్రుడి స్థానంలోనూ అదే తేడా ఉంటుంది కాబట్టి తీసివేతలో అది ఎగిరిపోతుంది. నక్షత్రం లెక్క వేసేటప్పుడు మాత్రం మళ్లీ తలెత్తుతుంది.

2025 ఉగాదిని తీసుకుందాం. అమావాస్య ముగిసి పాడ్యమి మొదలైన క్షణం ప్రపంచమంతటికీ ఒక్కటే. గడియారాలే వేరు. సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజే ఉగాది. హైదరాబాదులో అప్పుడు మార్చి 29 సాయంత్రం 4:28. ఆ రోజు సూర్యోదయం ఎప్పుడో అయిపోయింది కాబట్టి అక్కడ ఉగాది 30న. షికాగోలో అదే క్షణం 29 ఉదయం 5:58. ఇంకా తెల్లవారలేదు. సూర్యుడు వచ్చేసరికి పాడ్యమి ఉంది కాబట్టి పండుగ 29నే. న్యూయార్క్‌లో సమయం 6:58, సూర్యుడు అంతకు పది నిమిషాల ముందే వచ్చేశాడు. వాషింగ్టన్ దగ్గర రెండూ దాదాపు కలిసే వచ్చాయి! ఈశాన్య రాష్ట్రాల్లో ఆ పాడ్యమికి సూర్యోదయమే దక్కలేదు, ఎందుకంటే మర్నాడు తెల్లవారకముందే అది ముగిసిపోయింది. అలాంటప్పుడు ఏం చేయాలో ధర్మశాస్త్రం చెబుతుంది, 29నే చేసుకోమని. కాబట్టి అమ్మమ్మదీ తప్పు కాదు, పూజారిగారిదీ తప్పు కాదు. కార్యవర్గం సంగతి వేరు.

ఇక్కడ చురుకైన పిల్ల అడగవలసిన ప్రశ్న ఒకటుంది. తిథి సగటున 23 గంటల 37 నిమిషాలు ఉండాలి కదా, ఆ పాడ్యమి 20 గంటల చిల్లరకే ఎందుకు ముగిసింది? హొరైజన్స్‌లోనే దూరం అడిగి చూడమనండి. మార్చి 30న చంద్రుడు భూమికి సుమారు 3,58,000 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాడు. సగటు దూరం 3,84,400. దగ్గరికి వచ్చినప్పుడు వేగం పెరుగుతుంది, 12 డిగ్రీలు త్వరగా దాటేస్తాడు. కెప్లర్ రెండో నియమాన్ని ఏ వీడియో ఇంత బాగా చెబుతుంది?

ఇంకో సంగతి. ఆ ఉదయం బోస్టన్‌లో సూర్యుడు గ్రహణంతోనే ఉదయించాడు. ఆ సమయానికి గ్రహణం అద్దాలు పెట్టుకుని తూర్పు వైపు నిలబడితే చాలు, అమావాస్య అంటే ఏమిటో కంటికి కనిపించేది. పైగా అక్కడ గ్రహణం బాగా ముదిరింది 6:40 లోపే, లెక్క ప్రకారం అమావాస్య ముగిసింది 6:58కి. ఈ తేడా ఎందుకంటే పంచాంగం భూమి కేంద్రం నుంచి లెక్క వేస్తుంది, బోస్టన్‌వాళ్లు భూమి ఉపరితలం మీద నిలబడి చూస్తారు. ఈ ఒక్క ప్రశ్న మీద హైస్కూలు పిల్లలు వారం రోజులు కొట్టుకోవచ్చు.

ఇలా లెక్క రుచి తెలిసిన పిల్లలకు తర్వాతి దారులు చాలా ఉన్నాయి. 1995లో ప్రయోగించిన సోహో ఉపగ్రహం సూర్యుడి వైపు చూస్తూ పంపిన చిత్రాల్లో తోకచుక్కలు వెతికే పని ఎవరైనా చేయవచ్చు. అలా దొరికిన అయిదు వేలవ తోకచుక్కను 2024 మార్చిలో హాంజీ టాన్ అనే పరిశోధక విద్యార్థి పట్టుకున్నాడు. అతను ఈ వెతుకులాట మొదలుపెట్టింది పదమూడేళ్ల వయసులో. ఫొటోల్లోని గెలాక్సీలను ఆకారాన్ని బట్టి ఎవరైనా వర్గీకరించే వెబ్‌సైట్ గెలాక్సీ జూ. 2007లో మొదలైన ఆ గెలాక్సీ జూలో అంతుపట్టని ఆకుపచ్చ మేఘాన్ని గుర్తించింది హాన్నీ వాన్ ఆర్కెల్ అనే డచ్ బడిపంతులమ్మ. గెలాక్సీ జూలో పనిచేయడానికి ఖాతా కూడా అక్కర్లేదు, చిన్నపిల్లల తల్లిదండ్రులకు అది పెద్ద ఊరట. ఇదేదో పాశ్చాత్యుల అలవాటని ఎవరైనా అంటే, విశాఖపట్నంలో మామగారు గోడే జగ్గారావు కట్టించిన వేధశాలను నడిపిన అంకితం వెంకట నరసింగరావును గుర్తుచేస్తాను. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఆయన అక్కడి నుంచే పరిశీలించారు. ఆయనకు టెలిస్కోపు ఉంది గానీ హొరైజన్స్ లేదు. మన పిల్లలకు రెండూ అందుబాటులో ఉన్నాయి.

"మాకే తెలియదు, పిల్లలకు ఏం చెబుతాం?" అనే తల్లిదండ్రులు ఉన్నారు. నిజానికి వాళ్లే మంచి జోడీ. తెలిసిన పెద్దలు జవాబు చెప్పేస్తారు, తెలియనివాళ్లు పిల్లల పక్కన కూర్చుని చూస్తారు. ఇది కాలేజీ దరఖాస్తుకు పనికొస్తుందా అని అడిగేవారితో నాకు వాదన లేదు. వారికి సర్టిఫికెట్ల కోర్సులు ఎటూ ఉన్నాయి.

నేను సంఘాన్ని అడిగేది చిన్న పనే. వారాంతపు తెలుగు బడిలో నెలకు ఒక గంట ఇవ్వండి. పద్యాలు నేర్పే గది, ఒక ల్యాప్‌టాప్, పూజారిగారు వస్తే ఇంకా మంచిది. ఈ పత్రికలో ఏటా పండుగల పట్టిక వేస్తున్నారు, అది ఎక్కడి నుంచో తెచ్చి అతికించినదే. దాన్ని ఈసారి పిల్లలతో వేయించండి, డాలస్‌కు ఒక వరుస, బోస్టన్‌కు ఒకటి, హైదరాబాదుకు ఒకటి. మొదటి అభ్యాసంగా 2026 ఉగాదిని ఇవ్వవచ్చు. హైదరాబాదులో ఆ అమావాస్య ముగింపు మార్చి 19 ఉదయం 6:53కి, సూర్యోదయం అంతకు అరగంట ముందు. 2025లో న్యూయార్క్‌కు వచ్చిన చిక్కే ఇది. అప్పుడు షికాగోలో గడియారం ఎంత చూపిస్తుందో, పండుగ ఏ రోజో పిల్లలు తేల్చాలి. పట్టిక కింద వాళ్ల పేర్లు వేయండి. తప్పుంటే ఎత్తి చూపే పెద్దలకు మన వాట్సాప్ బృందాల్లో ఎప్పుడూ కొరత లేదు.