సవరణ: ఇంగ్లండ్ మిడిల్ స్కూళ్ల గురించి

నిన్నటి పోస్టులో, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య నడిచే ఈ బడులకు 1967 నాటి ప్లౌడెన్ నివేదికే (ప్రైమరీ చదువుపై వచ్చిన ప్రభుత్వ నివేదిక) మూలమని రాశాను. పొరపాటు. అంతకు మూడేళ్ల ముందే, 1964 విద్యా చట్టం దారి తెరిచింది. అప్పటిదాకా పదకొండేళ్ల దగ్గర ప్రైమరీ, సెకండరీ అని గీత ఉండేది. ఆ గీత దాటే బడి పెట్టడానికి వీలుండేది కాదు. యార్క్‌షైర్‌లోని వెస్ట్ రైడింగ్ ప్రాంత విద్యాధికారి అలెక్ క్లెగ్ అలాంటి బడులకు వీలు కల్పించాలని గట్టిగా పట్టుబట్టారు. మొదటి బడులు 1968లో తెరిచారు. ప్లౌడెన్ సిఫార్సు చేసింది 8–12 వయసు. నేను అన్నీ 9–13 అనేశాను, అదీ తప్పే. రెండు రకాలూ నడిచాయి. 8–12 బడిని చట్టం ప్రైమరీగా, 9–13ను సెకండరీగా లెక్కగట్టేది. పేరొకటే, లెక్కలు వేరు! నేను తికమకపడింది అక్కడే.