30 లీటర్ల తొట్టెకి 100 వాట్ల హీటరా?

విజయనగరంలో ధనుర్మాసం చలి పడితే చాలు, పెంపుడు చేపల షాపుల్లో తొట్టె నీళ్లు వెచ్చబెట్టే హీటర్ల బేరాలే. 30 లీటర్ల తొట్టెకి 100 వాట్లది అంటగడతారు. “పెద్దదైతే మంచిదే కదా బాబూ” అట! ఏం మంచి? లీటరుకి ఒక వాటు చాలు, మహా అయితే 50 వాట్లది. చవకరకంలో థర్మోస్టాట్ (వేడి సరిపోగానే హీటర్ని ఆపే స్విచ్చు) కాంటాక్టులు అతుక్కుపోతే హీటర్ ఇక ఆగదు. 100 వాట్లదైతే తెల్లారేసరికి చేపల పులుసే. హీటర్ డయల్ 26 డిగ్రీలంటుంది, నీళ్లేమో 29 ఉంటాయి. విడిగా థర్మామీటరు అడిగితే “అదెందుకండీ” అని ఎదురుప్రశ్న!

హీటర్ని ఫిల్టరు నీళ్లు పారేచోట పెట్టాలని చెప్పరు. నీళ్లు మార్చేముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగాలనీ, లేకపోతే వేడెక్కిన గాజు గొట్టం నీళ్లు దిగగానే పటుక్కుమంటుందనీ చెప్పరు. పగిలాక మాత్రం “గ్లాసుకి గ్యారంటీ లేదు బాబూ” అని ఠపీమని చెప్తారు.