మెట్ల పైన ఉన్నవారినీ లెక్కలోకి తీసుకోవాలి

నగరంలో వృద్ధులు పెరుగుతున్నందున ప్రతి డివిజనులోనూ ఒకే తరహా సంరక్షణ కేంద్రం నెలకొల్పాలన్న మీ వ్యాసంతో నేను సగమే ఏకీభవిస్తున్నాను, ఎందుకంటే విజయవాడలో అవసరం పేటను బట్టి మారుతుంది. వన్‌టౌన్, చిట్టినగర్ వైపు కొండవాలు ఇళ్లలో మోకాళ్లు అరిగిన పెద్దవారికి కేంద్రం ఎంత దగ్గరలో ఉన్నా మెట్లు దిగడమే గండం. మా మేనత్తగారు కిందికి రాలేక మూడు నెలలపాటు రక్తపోటు మందులు మానేశారు, ఆ సంగతి మాకు ఆమె పడిపోయాక గానీ తెలియలేదు. నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనును వార్డు సచివాలయ సిబ్బంది గుమ్మం దాకా తెచ్చి ఇస్తున్నప్పుడు, వారితోపాటు ఒక నర్సు కూడా ఎందుకు మెట్లెక్కి రాకూడదు?

సింగ్‌నగర్ సమస్య వేరు. మంచం దిగలేనివారు ఏ ఇంట్లో ఉన్నారో చెప్పే జాబితా ఎంత అవసరమో 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు తెలిసివచ్చింది.

మీరు ఆధారంగా తీసుకున్న అంకెలు 2011 జనగణనవి. ఆ తర్వాత ఆటోనగర్ పరిసరాల్లో అద్దెకు చేరిన కార్మిక కుటుంబాలు, వారిలో తెలుగు రాని తల్లులు, బడి ఈడు పిల్లలు వాటిలో కనిపించరు; సంరక్షణ వృద్ధులకే కాదు, వీరికీ అవసరమే. కేంద్రాలకు స్థలాలు వెతికే ముందు సచివాలయాల వారీగా ఇంటింటి లెక్క తీయించాలని కోరుతున్నాను.