శాశ్వతం అంటే పదేళ్ళు

అమెరికాలో ఉన్న అల్లుణ్ణి ఏ మామగారూ అడక్కూడని ప్రశ్న మా మామగారు మొన్న ఫోన్‌లో అడిగేశారు. "ఇంతకీ నువ్వక్కడ ఏమిటి బాబూ?" ఉద్యోగం సంగతి కాదు, అది ఆయనకి తెలుసు. టెంపరరీనా, పర్మనెంటా, వాళ్ళ మనిషివా, మన మనిషివా అని. ఒక్క ముక్కలో చెప్తే నలుగురికీ చెప్పుకుంటారట. ఒక్క ముక్కలో తేలే వ్యవహారమైతే ఇంతమంది ఇమ్మిగ్రేషన్ లాయర్ల పిల్లలు మంచి కాలేజీల్లో ఎలా చదువుతారండీ? అందుకని ప్రజాహితం కోరి ఈ పరిభాషకి చిన్న వ్యాఖ్యానం రాస్తున్నాను. ముందే ఒక హెచ్చరిక, ఇందులో ఏ మాటకైనా డిక్షనరీ తీశారో, చెడ్డారే.

మొదటిది ఏలియన్. 1952 నాటి చట్టం ప్రకారం అమెరికా పౌరుడు గానీ, ఆ దేశపు నేషనల్ గానీ కాని ప్రతివాడూ ఏలియనే. ఎగిరే పళ్ళెంలో దిగక్కర్లేదు, ఎకానమీ క్లాసులో మధ్య సీట్లో మోకాళ్ళు ముడుచుకుని వచ్చినా చాలు. (పౌరుడూ నేషనలూ ఒకటి కాదా అంటే, కాదు. అమెరికన్ సమోవాలో పుట్టినవాళ్ళు మామూలుగా నేషనల్సే, పౌరులు కారు. ఇది మామగారికి చెప్పలేదు, ఆయనకి బీపీ.)

తర్వాత నాన్‌ఇమ్మిగ్రెంట్, అంటే కొన్నాళ్ళుండి వెళ్ళిపోవాల్సినవాడు. స్టూడెంట్ వీసాకి కిటికీ ముందు నిలబడ్డవాడు అక్కడే పాతుకుపోవడానికి వస్తున్నాడని చట్టం ముందే అనేసుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది వాడే. చదువవగానే వచ్చేస్తానండీ అని ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఒట్టేసినంత పని చేస్తాడు. అదే కుర్రాడు హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా కొచ్చేసరికి చట్టం మెత్తబడుతుంది. వెళ్ళిపోవాలనీ ఉండొచ్చు, ఉండిపోవాలనీ ఉండొచ్చు, తప్పులేదు, దాని పేరు డ్యూయల్ ఇంటెంట్. మామగారు ఇది విని, "నీకది పెళ్ళిచూపుల నాటినుంచీ ఉంది" అన్నారు.

హెచ్-1బీ అంటే ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్ళకిచ్చేది. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. అంత నైపుణ్యాన్నీ ఎలా తూస్తారయ్యా అంటే, లాటరీ తీసి.

వీసాకీ స్టేటస్‌కీ తేడా కూడా ఇక్కడే చెప్పేస్తాను. వీసా గుమ్మం దాకానే, లోపలికొచ్చాక నడిచేది స్టేటస్. లోపల ఎన్నాళ్ళుండాలో చెప్పేది ఐ-94 అనే ఇంకో కాయితం, ఇప్పుడది కాయితం కూడా కాదు, ఆన్‌లైన్లో చూసుకోవాలి. అంచేత వీసా గడువు అయిపోయినా దర్జాగా ఉండొచ్చు, వీసా నిక్షేపంలా ఉన్నా అక్రమంగా ఉండొచ్చు. ఈ ఒక్క వాక్యం అర్థం కాక ఎన్ని కాపురాల్లో టెన్షన్ పుట్టిందో.

ఇక అసలు శాస్త్రం, వీసా బులెటిన్, అంటే శాశ్వత నివాసానికిచ్చే గ్రీన్ కార్డు క్యూ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేది. దీన్ని మా మామగారు మా లాయరుకంటే త్వరగా పట్టుకున్నారు, ఎందుకంటే ఆయన రోజూ పంచాంగం చూసే మనిషి. నెలనెలా విదేశాంగ శాఖ విడుదల చేస్తుంది. అందులో తేదీలుంటాయి. మన ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మన పేరు పడ్డ తేదీ, ఆ తేదీకంటే ముందుదైతే మన గ్రహం అనుకూలించినట్టు. 'కరెంట్' అని ఉంటే అసలు క్యూయే లేదని. (మా ఆవిడ ఒకసారి "మనకి కరెంట్ ఎప్పుడొస్తుందో" అని నిట్టూరిస్తే, అక్కడ కూడా కోతలేనా అమ్మా అని ఆయన జాలిపడ్డారు.) డిమాండ్ ఎక్కువైతే తేదీ ముందుకి కాదు, వెనక్కి నడుస్తుంది. రెట్రోగ్రెషన్ అంటారని చెప్పబోతుంటే, "వక్రించిందన్నమాట" అని ఆయనే అందుకున్నారు. రెండు పట్టికలుంటాయి, ఒకటి ఫైల్ చెయ్యడానికి, ఇంకోటి కార్డు చేతికివ్వడానికి. ఈ నెల ఫైలింగ్‌కి ఏది చెల్లుతుందో మళ్ళీ వేరే ఆఫీసు ప్రకటిస్తుంది, పండగ ఇవాళా రేపా అని సిద్ధాంతులు తేల్చినట్టు. ఈ కోటా లెక్కలకి సంవత్సరాది అక్టోబర్ 1న.

ఇంత జాతకం ఎందుకంటే, ఉద్యోగాల కోటాలో ఏడాదికి గ్రీన్ కార్డులు దాదాపు 1,40,000, భార్యాపిల్లల్ని కూడా అందులోనే లెక్కేస్తారు, ఏ ఒక్క దేశానికీ మామూలుగా 7 శాతం దాటి ఇవ్వరు. అది కూడా పుట్టిన దేశాన్ని బట్టి. మధ్యలో ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్నా లాభం లేదు, కానీ చిన్న దేశంలో పుట్టిన భార్య ఉంటే ఆవిడ కోటాలో దూరొచ్చు. సంబంధాలు చూసేవాళ్ళు నక్షత్రంతో పాటు జన్మస్థలం కూడా ఎందుకు రాసుకుంటారో నాకు ఇప్పటికి తెలిసొచ్చింది.

నా ప్రయారిటీ డేటూ మా అమ్మాయి పుట్టిన సంవత్సరమూ ఒకటే. రెండింటిలో పెరుగుతున్నది అమ్మాయే. దానికి 21 నిండితే 'ఏజ్ అవుట్', అంటే మా ఫైల్లోంచి జారిపోతుంది. ఇందుకూ చట్టానికి దయ ఉంది. 2002లో చేసిన సవరణ ప్రకారం పిటిషన్ పరిశీలనలో ఉన్న రోజుల్ని పిల్ల వయసులోంచి తీసేసి లెక్కకడతారు. తీసేసినా చాలకపోతే ఏమిటని మాత్రం నన్నడక్కండి, ఇంట్లో ఆ మాటెత్తం.

అన్నీ కలిసొస్తే పర్మనెంట్ రెసిడెంట్. కార్డు గడువు పదేళ్ళు. రంగు చూస్తే, 1964లో పచ్చరంగు తీసేసి, మళ్ళీ 2010లో వేశారు. ఆ మధ్యంతా అది గ్రీన్ కార్డే, గ్రీన్ మాత్రం కాదు.

ఆ పైన మామూలుగా ఐదేళ్ళకి పౌరసత్వం, దాని పేరు నాచురలైజేషన్, అంటే అప్పటిదాకా మనం అసహజంగా ఉన్నామని. విదేశీ రాజులకీ ప్రభువులకీ విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం చెయ్యాలి. నాకు తెలిసిన రాజులంతా భీమవరం వైపు వాళ్ళే, వాళ్ళకి విధేయత ఎప్పుడూ లేదు. అటు ప్రమాణం పూర్తయితే ఇటు మన పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ భారత పౌరసత్వాన్ని తీసేస్తుంది. తీసేసి, అడిగితే ఓసీఐ కార్డు ఇస్తారు, ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అని. ఆ సిటిజన్‌కి ఓటు లేదు, పోటీ చెయ్యడానికి లేదు, పొలం కొనడానికి లేదు. మామగారు మొదటి రెండింటికీ ఊరుకున్నారు గానీ, పొలం దగ్గర చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే ప్రస్తుతానికి నువ్వు..." అన్నారు చివరికి.

"నాన్‌ఇమ్మిగ్రెంట్ ఏలియన్ని మామగారూ. పద్నాలుగేళ్ళుగా టెంపరరీ."

ఫోన్‌లో కాస్త దగ్గు వినిపించింది. "పోనీలే, ఫైలు నడుస్తోందని చెప్తాను. అదైతే మన ఊళ్ళో అందరికీ అర్థమవుతుంది."